డబ్బా నిండిన రోజులు

ఆండాళమ్మ గారు వాన పడిందని ఏనాడూ అనలేదు. ఎంత పడిందో చెప్పేవారు. పొద్దున్నే ఏడున్నరకి గొడుగు దులుపుకుంటూ గోడౌన్ తలుపు తోసుకొచ్చి, "గోపీ గారూ, రాత్రి ఆరు మిల్లీమీటర్లు పడుంటుందండీ. ఏడుకి మాత్రం పోదు" అనేవారు. పరాయి దేశంలో మేముండే ఈ బాతెల్ ఊళ్ళో వాన సెప్టెంబరు ఆఖర్లో మొదలైతే మే నెల దాకా గోడకి చెమ్మ పట్టినట్టు పట్టుకునే ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆవిడ పట్టించుకునేవారు.

ఇది 1979 నవంబరు సంగతి. ఆవిడకి అప్పుడు నలభై ఏడేళ్ళు, నాకంటే రెండేళ్ళు పెద్ద. తమ్ముడు ఉదయ్ విమానాల కంపెనీలో ఇంజనీరు. అతనే ఆవిడని ఇక్కడికి తెచ్చుకున్నాడు. పెళ్ళి సంగతి నేనెప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నన్ను పిలిపించింది మా చెల్లెలు. తను నర్సు. నేను ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి కాబట్టి నాకు దొరికింది బాక్సులు మోసే పని. ఆవిడ ఎస్సెల్సీ దాకా చదివారు, ఆరు వారాల ట్రైనింగ్ చేశారు కాబట్టి అదే కంపెనీలో కార్డులు పంచ్ చేసే పని దొరికింది.

మా కంపెనీ పనేమిటంటే, ఎక్కడెక్కడి పాత లెక్కల పుస్తకాలో తెప్పించి, వాటిలో అంకెలన్నీ అట్ట కార్డుల మీద కన్నాలుగా కొట్టించి, కంప్యూటర్లు ఉన్నవాళ్ళకి పంపడం. నేను లారీలోంచి పెట్టెలు దింపి, తోపుడు బండి మీద లోపలికి చేర్చేవాణ్ణి. లోపల పదకొండు మంది ఆడవాళ్ళు మెషిన్ల ముందు కూచుని టకటకా కొట్టేవాళ్ళు. మధ్యాహ్నానికి నా నడుం విరిగేది, వాళ్ళ వేళ్ళు తిమ్మిరెక్కేవి.

ఆ ఏడు వచ్చిన పెట్టెలు దామోదర్ గారివి. వరంగల్ మనిషి, యూనివర్సిటీలో వాతావరణం మీద పరిశోధన చేసే డాక్టరు. ఆఫ్రికాలో కాంగో నది ఉంది కదా, దాని పై పాయ ఒకటి పెద్ద అడవిలోంచి వస్తుందట. ఆ అడవిలో యాభై ఏళ్ళుగా రోజూ వాన కొలిచి రాసిన పుస్తకాలు ఆయన ఎక్కడెక్కడో తిరిగి పోగేశారు. చాలా ఊళ్ళ పుస్తకాలు పదేళ్ళకో పన్నెండేళ్ళకో ఆగిపోయాయి. మొదటి నుంచీ చివరి దాకా ఒక్క రోజు తప్పకుండా ఉన్నది మొకేండే అనే ఊరిది ఒక్కటే. అక్కడ ఒక మిషన్ ఆస్పత్రి ఉండేదట, దాని ముందు గడ్డిలో వాన కొలిచే డబ్బా.

సోమవారం మధ్యాహ్నం అందరం అన్నాలు తింటున్నప్పుడు దామోదర్ గారు పరుగులాంటి నడకతో వచ్చారు. చేతిలో చుట్టిన కాగితం. టిఫిన్ డబ్బాలు పక్కకి నెట్టి బల్ల మీద పరిచారు.

"గోపీ, జర జరుగు. ఆండాళ్ గారూ, మీరు చూడాలె ఇది! మీ చేతి పనే ఇదంతా."

కాగితం మీద ఒకటే గీత. ఎడమ వైపు ఎత్తున నడిచి, మధ్యలో కిందికి జారి, తర్వాత దిగువనే సాగిపోయింది.

"1925 నుంచి యాభై ఎనిమిది దాకా ఏటా పంతొమ్మిది వందల మిల్లీమీటర్లు. ఇటు చూడుండ్రి, పదిహేను వందల నలభై. ఐదో వంతు వాన పోయింది! అడవి కొట్టేస్తుంటే వాన పోతున్నదని ఇన్నేండ్లు అనుడే గానీ ఎవడన్నా చూపించిండా? ఆదివారం డెన్వర్ పోతున్న. సోమవారం మీటింగ్‌ల చూపిస్త. కుర్చీలల్లకెల్లి లేస్తరు!"

నేను మోసిన పెట్టెల్లో ఇంత సంగతి ఉందా అనిపించింది. ఆండాళమ్మ గారు మాత్రం గీత జారిన చోట వేలు పెట్టి, ఆ వేలు తీయలేదు.

"యాభై ఎనిమిదిలోనా అండీ?" అన్నారు.

"అవును, ఆ చుట్టుపక్కల. ఎందుకు?"

"అబ్బే, ఊరికే" అన్నారు. ఆవిడ ఊరికే అనే మనిషి కాదని నాకు తెలుసు.

ఇక్కడ పెగ్గీ గురించి చెప్పాలి. పంచింగ్ గదికి పెద్ద ఆవిడే. చెడ్డ మనిషి కాదు, కానీ ఆవిడకి కావలసింది స్పీడు. గంటకి ఎనిమిది వేల నొక్కులు పడాలి. ఆండాళమ్మ గారివి ఆరు వేలు దాటేవి కావు. చెయ్యి మెల్లనని కాదు. ఆ పుస్తకాల్లో ప్రతి రోజు వరసకీ కుడి చివర ఒక సన్నటి గడి ఉండేది, వాన కొలిచినవాడు ఏదైనా చెప్పాలనుకుంటే రాసుకోడానికి. దాన్ని చూడొద్దు, అంకెలు మాత్రం కొట్టమని పెగ్గీ రూలు. అందరూ అంకెలే చూసేవాళ్ళు. ఆండాళమ్మ గారు ఆ గడి చూడకుండా పేజీ తిప్పేవారు కాదు. అది ఫ్రెంచి. ఆవిడకి ముక్క రాదు. అయినా చూసేవారు.

ఆ సోమవారం సాయంత్రమే పెగ్గీ ఆవిడ బల్ల దగ్గర నిలబడింది. "ఆండీ, నంబర్స్ ఓన్లీ. శుక్రవారం దాకా చూస్తాను. ఏడు వేలైనా రాకపోతే నీ సీటు ఇంకొకళ్ళకి ఇవ్వాల్సొస్తుంది. సారీ."

ఆ సీటు పోతే ఆవిడకి ఏముందని? తమ్ముడింట్లో వంట. ఉదయ్ మంచివాడే. కానీ ఆ ఇంటి నుంచి పొద్దున్నే గొడుగేసుకుని బయటపడడం ఆవిడకి ఊపిరి. అది నేను రోజూ చూసేవాణ్ణి.

మంగళవారం పదిన్నరకి నేను ఖాళీ బండి తోసుకుపోతుంటే చేత్తో సైగ చేశారు. మెషిన్ ఆపేసి ఉంది, బల్ల మీద మొకేండే పుస్తకాలు తెరిచి ఉన్నాయి. ఆవిడ మెషిన్ ఆపడం నేను చూడ్డం అదే మొదలు.

"గోపీ గారూ, పెగ్గీ అటు తిరిగినప్పుడు ఇది చూడండి. ఇది 1931. ఈ అంకె ఎంత?"

"నూట ఇరవై ఏడు."

"పక్క గడిలో ఏదో రాశాడు. ఆ మాట గుర్తు పెట్టుకోండి. మొదటి అక్షరం పొట్ట ఎలా లావుగా ఉందో చూడండి. ఇప్పుడు ముప్ఫై ఆరు. ఎంత?"

"నూట ఇరవై ఏడు. అదే మాట."

"నలభై నాలుగు. నలభై తొమ్మిది. యాభై మూడు. ఏడుసార్లండీ! ఈ మాట రాసినప్పుడల్లా నూట ఇరవై ఏడే. నూట ఇరవై ఆరు లేదు, ఇరవై ఎనిమిది లేదు. నూట ఇరవై ఏడు దాటిన రోజు మొత్తం పుస్తకాల్లో ఒక్కటి లేదు."

"ఏందండీ ఇది? వానకి హద్దుందా?"

"వానకి లేదు. డబ్బాకి ఉంది!" ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "డబ్బా నిండిపోయిందండీ. పైనుంచి పొర్లిపోయింది. పాపం, లోపలున్నదే కొలిచి, పొర్లిందని పక్కన రాసుకున్నాడు. నాకు ఫ్రెంచి రాకపోయినా ఆ మాటేమిటో తెలుసు. మేమూ రాసేవాళ్ళం. ఇప్పుడు చూడండి, ఇది అరవై ఒకటి."

అదే మాట, లావు పొట్ట అక్షరం. పక్కన అంకె నూట మూడు.

"అరవై ఆరు, నూట మూడు. డెబ్భై, నూట మూడు. డెబ్భై నాలుగు, నూట మూడు. వాన తగ్గచ్చు గోపీ గారూ. డబ్బా చిన్నదవుతుందా?"

నేను బండి పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాను. చదువు లేనివాడికి కూడా తగిలే మాట అది.

"మరి ఏవయింది?"

ఆవిడ ఒకసారి పెగ్గీ వైపు చూసి, గొంతు తగ్గించారు. "నేను చేసిన పనే అక్కడెవరో చేశారు."

మధ్యాహ్నం లారీలు ఆగే అరుగు మీద, రేకుల కింద కూచుని ఆ సంగతి చెప్పారు. వాన మా కాళ్ళ ముందే పడుతోంది.

వాళ్ళ నాన్నగారు మారేడుమిల్లి వైపు అడవిలో ఒక చిన్న ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరు. పోస్టాఫీసు వెనక వాన కొలిచే డబ్బా, దాని బాధ్యత ఆయనది. పేరు ఆయనది, పని కూతురిది. ఏ ఊళ్ళో చూసినా అంతేనట, ఉద్యోగం ఒకరిది, పొద్దున్నే తడుస్తూ వెళ్ళి కొలిచేది ఇంట్లో ఆడపిల్ల. డబ్బాలో నీళ్ళు గీతల గ్లాసులో పోసి, గ్లాసుని కంటి ఎత్తున పెట్టి చూసి రాయాలి. ఆ గ్లాసు ఆ డబ్బాకే సరిపడేలా గీసి ఉంటుంది. డబ్బా మూతి ఎంత వెడల్పో దాన్ని బట్టి గీతలు. వేరే డబ్బా గ్లాసు తెచ్చి కొలిస్తే లెక్క తప్పు.

"ఇరవై రెండేళ్ళప్పుడు గ్లాసు పగలగొట్టానండీ. ఆషాఢంలో. నాన్నగారికి చెప్పాలంటే భయం. ఫారెస్టు వాళ్ళ బంగళాలో అటక మీద పాత గ్లాసొకటుంటే తెచ్చి పెట్టేశాను. గ్లాసు గ్లాసే కదా అనుకున్నా. నాలుగు నెలలు దాంతోనే కొలిచాను. రోజూ అంకె కాస్త తక్కువొచ్చేది. ఎవరికి తెలుస్తుంది, ఈ ఏడు వాన తక్కువ అనుకున్నారంతా. మా ఊరాయన ఒకాయన యజ్ఞం చేయిద్దామని చందాలు కూడా మొదలెట్టాడు!"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడా నవ్వారు.

"నవ్వండి, నవ్వండి. కార్తీకంలో తుఫానొచ్చింది. డబ్బా నిండి పొర్లింది. నేను కొలిచి మూడు అంగుళాల ఇరవై సెంట్లని రాశాను, అంగుళానికి వంద సెంట్ల లెక్కన. నాన్నగారు పుస్తకం చూసి, 'అమ్మడూ, మన డబ్బా నిండితే ఎప్పుడూ నాలుగంగుళాలే. ఎనభై సెంట్లు ఎవరు తాగారే?' అన్నారు. అంతే. ఏడుపొచ్చేసింది."

"కొట్టారా?"

"కొట్టినా బాగుండేది. మద్రాసు ఆఫీసుకి ఉత్తరం రాయించారు, నా చేత్తోనే. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తప్పు గ్లాసో, ఎర్ర సిరాతో. 'తప్పు రాసిన పుస్తకం వంద ఏళ్ళుంటుంది. దిద్దే మనిషి అన్నేళ్ళుండదు' అన్నారు." అన్నం డబ్బా మూత పెట్టేశారు. "ఈయన ఆదివారం విమానమెక్కితే ఈ తప్పు డెన్వర్‌లో అచ్చయిపోతుంది గోపీ గారూ."

"అయితే ఇప్పుడే చెప్పేద్దాం!"

"ఏమని? ఎస్సెల్సీ చదివిన ఆండాళు, డాక్టరు గారి నాలుగేళ్ళ పని తప్పంటోందనా? కాగితం ఉండాలండీ. గ్లాసు పగిలితే కొత్త గ్లాసు ఎవరో పంపాలి. పంపితే చీటీ ఉంటుంది. ఆ చీటీ ఎక్కడుంటుందో?"

ఎక్కడుంటుందో నాకు తెలుసు. దామోదర్ గారి పెట్టెలన్నీ పుస్తకాలు కావు. ముప్ఫై దాకా ఉత్తరాలూ చీటీలూ ఉన్న పెట్టెలు. వాటి మీద ఆయనే 'పారేయండి' అని రాసి సంతకం పెట్టారు. గురువారం మధ్యాహ్నం ఒంటి గంటకి కాగితాలు చింపే లారీ వస్తుంది. అందులో పన్నెండు పెట్టెలు పోయిన వారమే నా చేతుల మీదుగా వెళ్ళిపోయాయి.

ఆ మాట చెప్పేసరికి ఆవిడ మొహం తెల్లబోయింది. "యాభై ఎనిమిది పోయిందా?"

"పెట్టె మీద ఏడు చూడలేదమ్మా. బరువు చూస్తాను గాని ఏళ్ళు చూస్తానా?"

బుధవారం పొద్దున్నా మధ్యాహ్నమూ నేను ఆ పద్దెనిమిది పెట్టెలూ అరుగు వెనక వరసగా పేర్చి, ఖాళీ దొరికినప్పుడల్లా తెరిచాను. నాకు ఫ్రెంచి రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. "మీకు అక్షరాలు అక్కర్లేదు" అన్నారు ఆవిడ. "అంకెలు చూడండి. గ్లాసు గురించి రాస్తే డబ్బా మూతి కొలత రాసి తీరాలి. సెంటీమీటర్ల గుర్తు, దాని నెత్తిన చిన్న రెండు. అది కనబడితే ఆగండి." తర్వాత దామోదర్ గారు చదివి చెప్పారు గాని, బట్టలు, మందులు, సబ్బు పెట్టెలు, గొర్రెపిల్లలు, ఆస్పత్రికి ఏమేం వచ్చాయో అన్నీ ఉన్నాయి. ఎలకలు కొట్టినవి, చెమ్మకి అంటుకుపోయినవి. ఆవిడ తన అన్నం మానేసి వచ్చి పక్కన కూచుని వెతికారు. పది నిమిషాలు ఆలస్యంగా లోపలికి వెళ్ళినందుకు పెగ్గీ గోడ మీది గడియారం కేసి చూపించింది.

గురువారం పన్నెండుకి ఇంకా మూడు పెట్టెలు. లారీ గంట ముందే వచ్చి అరుగుకి ఆనింది. డ్రైవరు దిగి, "రెడీయా?" అన్నాడు. నేను కాఫీ తెచ్చిచ్చాను, కూచోమన్నాను, వాన తగ్గనీ అన్నాను. బాతెల్‌లో వాన తగ్గేదాకా ఆగమన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయుంటాను. వాడు నవ్వి సిగరెట్ వెలిగించాడు.

రెండో పెట్టె అడుగున పల్చటి నీలం కాగితం, కార్బను కాపీ. పైన 1931. మధ్యలో 324, సెంటీమీటర్ల గుర్తు, నెత్తిన చిన్న రెండు. నేను అరిచినంత పని చేశాను. పదిహేను నిమిషాల తర్వాత మూడో పెట్టెలో, సబ్బు లెక్కలకీ దుప్పట్ల లెక్కలకీ మధ్య, ఇంకొక నీలం కాగితం. 1958 ఫిబ్రవరి. 400, అదే గుర్తు.

రెండూ చొక్కా లోపల పెట్టుకుని పంచింగ్ గదిలోకి పరిగెత్తాను. నలభై అయిదేళ్ళవాడు ఆ నడుంతో పరిగెత్తడం చూసి ఆడవాళ్ళందరూ మెషిన్లు ఆపేశారు. ఆండాళమ్మ గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, పెన్సిలు తీసి, 324ని 400తో భాగించారు. "ఎనభై ఒకటి పైసలు" అన్నారు. ఆవిడ దశాంశాలన్నీ పైసల్లోనే చెప్పేవారు. తర్వాత 127ని ఆ ఎనభై ఒకటితో గుణించారు. పెన్సిలు ఆగింది. కాగితం నావైపు తిప్పారు.

నూట మూడు.

"వచ్చింది!" అన్నాను. "వచ్చిందండీ!" అన్నారు. ఇద్దరం తెలుగులో కేకలేస్తుంటే పెగ్గీ తన బల్ల దగ్గర లేచి నిలబడింది.

దామోదర్ గారు ఆ రోజు మూడింటికి కార్డుల పెట్టెలు తీసుకెళ్ళడానికి వస్తారు. ఆ లోపల ఆవిడ నాకొక పని చెప్పారు. పెద్ద కాఫీ డబ్బా ఒకటి, మయొనైజ్ సీసా ఒకటి, దానికంటే కాస్త పెద్ద ఊరగాయ సీసా ఒకటి. మూడూ మా లంచ్ రూములోనే దొరికాయి. డబ్బాని చూరు కింద పెడితే పావుగంటలో నిండింది. ఆ పనికి బాతెల్ మంచి ఊరు.

దామోదర్ గారు వచ్చీ రాగానే, "ఏంది గోపీ, కాంటీన్ పెట్టినవా?" అన్నారు.

"డాక్టరు గారూ, ఒక్క అయిదు నిమిషాలు" అన్నారు ఆండాళమ్మ గారు. నిండు డబ్బాలో నీళ్ళు మయొనైజ్ సీసాతో కొలిచారు. అయిదు సీసాలు. బకెట్లోంచి మళ్ళీ డబ్బా అంచు దాకా నింపి, ఈసారి ఊరగాయ సీసాతో కొలిచారు. నాలుగు.

"వాన తగ్గిందా అండీ?" అన్నారు.

"ఇదేం మ్యాజిక్ అమ్మా? సీసా మార్చిండ్రు, అంతే కద."

"అంతేనండీ. మొకేండేలో కూడా అంతే."

పుస్తకాలు తెరిచి నూట ఇరవై ఏడులు చూపించారు, నూట మూడులు చూపించారు. దామోదర్ గారి నవ్వు మెల్లగా పోయింది.

"చూడుండ్రి ఆండాళ్ గారూ. మీరు మీ పనిల ఉషారే. కానీ నాలుగేండ్లు నేను ఈ అంకెల మీద పడుకున్న, లేచిన. డబ్బానే మార్చి ఉండొచ్చు కద? చిన్న డబ్బా పెట్టి ఉండొచ్చు. ఊరగాయ సీసాలతోటి సైన్స్ నడవదు."

ఆవిడ నా వైపు చూశారు. నేను చొక్కా లోపల్నుంచి రెండు నీలం కాగితాలు తీసి ఇచ్చాను. ఆయనకి ఫ్రెంచి వచ్చు. మొదటిది చదివారు. రెండోది చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత తెలుగులో, మాకోసమో తనకోసమో తెలీదు, నెమ్మదిగా పైకి చదివారు: "మీ కొలత గ్లాసు పగిలిందని రాశారు. మీ డబ్బాకి సరిపడే గ్లాసు స్టాకులో లేదు. బదులు నాలుగు వందల గ్లాసు పంపుతున్నాం. మీ డబ్బా 324ది కాబట్టి లెక్క కట్టుకుని రాసుకోగలరు."

"కట్టుకోలేదు" అన్నారు ఆండాళమ్మ గారు. "ఎవరో నాలాంటి పిల్లే అయుంటుందండీ. ఈ చీటీ తనకెవరూ చూపించి ఉండరు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఈ కాగితం యాడ దొరికింది?"

"పారేయమన్నారు కదా" అన్నాను. పెట్టె మూత చూపించాను. ఆయన చేతి రాతే.

ఆయన ఆ మూత దగ్గరికి లాక్కుని తన సంతకం చూసుకున్నారు. ఆ తర్వాత ఆయన తల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "ఒక్క రోజుల పడ్డ మెట్టు ఇది! నేను ఐదేండ్ల సరాసరి గీసిన, మెట్టు జారుడుబండ లెక్క కనబడ్డది. జారుడుబండ చూసి అడవి పోయిందన్న! మూడు వందల మంది ముంగట... అమ్మో, ఆండాళ్ గారూ, సోమవారం నాడు నా ఇజ్జత్ ఏమైతుండె!" నవ్వుతున్నారు గాని కళ్ళు తడిగా ఉన్నాయి. "అయితే ఏం లేదన్నట్టే. నాలుగేండ్లు గంగల పోయినయ్."

"ఏం లేకపోవడమేమిటండీ?" ఆవిడ ఇంకొక కాగితం తీశారు. ఆ కాగితం సంగతి నాక్కూడా తెలీదు. గీతలు, అయిదేసి గీతలు కట్టలు కట్టినట్టు. "కార్డులు కొట్టేటప్పుడు నేను సున్నాలు లెక్కపెట్టుకుంటానండీ, అలవాటు. జూన్, జూలై అక్కడ పొడి నెలలు. మొదటి పదేళ్ళలో ఆ రెండు నెలల్లో వాన లేని రోజులు ఏడాదికి ఇరవై నాలుగు. తర్వాత ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది. ఆఖరి పదేళ్ళు ముప్ఫై మూడు. మెట్టు లేదు, యాభై ఎనిమిదిలో ఏమీ ఎగరలేదు. మెల్లగా పెరుగుతూనే ఉంది. గ్లాసు ఏదైనా సున్నా సున్నాయే కదండీ?"

దామోదర్ గారు ఆ కాగితం లాక్కున్నారు. వేలితో గీతలు లెక్కపెట్టారు. లేచారు, కూచున్నారు, మళ్ళీ లేచారు.

"సున్నా సున్నానే!" అని అరిచారు. "గ్లాసుతోటి పనే లేదు! మొత్తం వాన అంతే ఉన్నది, కానీ ఎండ రోజులు పెరుగుతున్నయ్... గోపీ, ఆ పెట్టెలు లారీ ఎక్కించినవా?"

"వాన తగ్గలేదని ఆపానండీ."

"శభాష్ రా నాయనా! ఒక్కటి కూడా పంపకు!"

శుక్రవారం పొద్దున పెగ్గీ వారం లెక్క కాగితం పట్టుకుని ఆండాళమ్మ గారి దగ్గరికి వచ్చింది. నేను కావాలనే బండి అక్కడ ఆపాను. అయిదు వేల తొమ్మిది వందలు. వారం మొత్తంలో అందరికంటే తక్కువ. ఆండాళమ్మ గారు బల్ల సొరుగులోంచి దువ్వెన, కుంకుమ భరిణె, స్వెట్టరు అప్పటికే తీసి సంచిలో పెట్టుకున్నారు. "ఐ నో, పెగ్గీ" అన్నారు.

అప్పుడే దామోదర్ గారు వచ్చారు. గడ్డం గీసుకోలేదు, నిన్నటి చొక్కానే. మొకేండే కార్డుల పెట్టె పెగ్గీ ముందు పెట్టి, ఇవన్నీ మళ్ళీ కొట్టాలి, ఈసారి పక్క గడితో సహా అన్నారు. ఆ గడి ఎవరూ చదవరు కదా అంది పెగ్గీ. ఈవిడ చదువుతుంది, ఈవిడ చదవబట్టే సోమవారం మీటింగ్‌లో నేను తప్పు చెప్పకుండా బయటపడుతున్నాను, మిగతా ఊళ్ళ పుస్తకాలు కూడా ఈవిడకే ఇవ్వాలి, లేకపోతే పెట్టెలు వేరే కంపెనీకి తీసుకెళ్తాను అన్నారు. మెల్లగానే అన్నారు, గట్టిగా అవసరం లేకపోయింది.

పెగ్గీ కార్డు ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. ఆ కార్డులో ఎనభై గడులు. డెబ్భై తొమ్మిది నిండి ఉంటాయి, ఆఖరిది ఖాళీ. "ఎనభయ్యోది వాడుకోవచ్చు" అంది చివరికి. "ఏం గుర్తు పెడతావు, ఆండీ?"

"పొర్లితే తొమ్మిది" అన్నారు ఆండాళమ్మ గారు, అంతకుముందే ఆలోచించి పెట్టుకున్నట్టు. "గ్లాసు మారితే ఎనిమిది. కొలిచిన మనిషికి జ్వరమొచ్చి వేరేవాళ్ళు కొలిస్తే ఏడు."

"అదెలా తెలుస్తుంది నీకు?"

"చేతిరాత మారుతుంది."

పెగ్గీ నవ్వేసింది. "గంటకి ఆరు వేలు. అంతకి ఒక్కటి తగ్గినా ఒప్పుకోను."

"ఆరు వేల ఒకటి" అన్నారు ఆండాళమ్మ గారు. సంచిలోంచి కుంకుమ భరిణె తీసి మళ్ళీ సొరుగులో పెట్టారు.

సోమవారం మధ్యాహ్నం డెన్వర్ నుంచి ఫోను. దామోదర్ గారి గొంతు గదంతా వినిపించింది. ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదట. కానీ ఆయన మొదటి బొమ్మగా తన తప్పు గీతే పెట్టి, పక్కన రెండు నీలం కాగితాలు పెట్టారట. అయ్యాక ముసలాయన ఒకరు వచ్చి, తన దగ్గర అమెజాన్ వైపు పుస్తకాలు ఉన్నాయనీ, పక్క గడి చదివే మనిషి ఎవరో చెప్పమనీ అడిగారట. "చెప్పిన! బాతెల్‌ల ఉంటదని చెప్పిన!"

ఆ పుస్తకాలు నిజంగానే వచ్చాయి. ఎనభై నాలుగులో కార్డులు పోయి టీవీలాంటి తెరలు వచ్చేదాకా ఆండాళమ్మ గారు అవే కొట్టారు. నా దగ్గర ఒక పాత కార్డుంది. ఎనభయ్యో గడిలో తొమ్మిది దగ్గర కన్నం.

డెన్వర్ నుంచి వచ్చాక దామోదర్ గారు ఒక వాన డబ్బా, దానికి సరిపడే గ్లాసూ తెచ్చిచ్చారు. కార్లు ఆపే చోటికి దూరంగా, గడ్డిలో పాతాం. ఆవిడ గ్లాసు మెడకి తాడు కట్టి మేకుకి తగిలించి, "ఇది పగిలితే నాతో చెప్పండి గోపీ గారూ, దాచకండి" అన్నారు. రోజూ ఎనిమిదిన్నరకి వెళ్ళి కొలిచేవారు. పెగ్గీ కూడా కిటికీలోంచి ఎంతని అడిగేది.

ఆ జనవరిలో ఆవిడకి ఫ్లూ వచ్చి నాలుగు రోజులు రాలేదు. మొదటి రోజు ఎనిమిది నలభైకి ఫోను మోగింది.

"ఎంతండీ?"

"పదకొండమ్మా."

"నించుని చూశారా, వంగి చూశారా?"

నేను అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ పొద్దున అప్పటికే పద్దెనిమిది పెట్టెలు దింపాను, నడుం వంగనంటోంది. "నించునే."

"నీళ్ళు పారబోశారా?"

"లేదింకా."

"అయితే వెళ్ళి వంగండి. కన్నూ నీళ్ళూ ఒకే ఎత్తున ఉండాలి. నేను ఫోను పట్టుకునే ఉంటాను."

వెళ్ళాను. వానలో, నడుం పట్టుకుని, మోకాలి మీద కూచుని, గ్లాసు కంటికి ఎదురుగా పెట్టి చూశాను. తడిసిన కాళ్ళతోనే పరిగెత్తుకొచ్చాను.

"పదకొండు పాయింట్ నాలుగు!"

"అదీ!" అన్నారు ఆండాళమ్మ గారు, దగ్గుతూ. "రాయండి. పక్క గడిలో మీ పేరు కూడా రాయండి."